సాయంత్రమైతే టకటకమనే కాంటాక్టర్

ప్రశ్న: మాది తిరుపతి, తిరుచానూరు రోడ్డు. పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. బోరుకు ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంది. నెలలో పది రోజులు చెన్నైలో మనవరాలి దగ్గర ఉంటాం. అక్కడినుంచే ఫోన్‌తో మోటారు వేయడానికి వైఫై స్విచ్చి పెట్టాను. రెండు నెలల్లో రెండు స్విచ్చులు కాలిపోయాయి. షాపులో అడిగితే కాంటాక్టర్ (కాయిల్ అయస్కాంతమై లాగి పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) పెట్టుకోమని 25 ఆంపులది ఇచ్చారు. వీడియో చూసి, ప్లైవుడ్ చెక్క మీద బిగించి, నేనే కలిపాను. హాల్లో ఉన్న వైఫై స్విచ్చి నుంచి కాయిల్‌కు వైరు లాగాను. పగలు బాగానే పనిచేస్తోంది. సాయంత్రం ఏడు దాటితే టకటకమని కొట్టుకుంటోంది, ఒక్కోసారి గుర్రుమంటోంది. లోపం కాంటాక్టర్‌దా, నా వైరింగ్‌దా? గీజర్‌కు కూడా ఇలాగే పెట్టుకోవచ్చా?
— ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, తిరుపతి

సమాధానం:

అయ్యవారూ (మా చిత్తూరు వైపు బడిపంతుల్ని ఇలాగే పిలుస్తాం, ఏమీ అనుకోకండి), ముందు ఒక పని చేయండి. ఇది చదవడం ఆపి, మోటారు ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్చి) కింద పడేసి రండి. వైర్‌మన్‌తో కాంటాక్టర్‌ను లైనులోంచి తీయించి, రిపేరయ్యే దాకా మోటారును పాత పద్ధతిలో స్టార్టర్ డబ్బా స్విచ్చితోనే వేసుకోండి. టకటకమని కొట్టుకునే కాంటాక్టర్‌ను ఒక్క సాయంత్రం కూడా అలా వదిలేయకూడదు. కొట్టుకున్న ప్రతిసారీ లోపల నిప్పు లేస్తుంది, ఆ వేడికి పాయింట్లు (కరెంటును కలిపే లోహపు ముక్కలు) కరిగి అతుక్కుపోతాయి. అప్పుడు ఫోన్‌లో ఆఫ్ అని చూపిస్తూనే ఉంటుంది, కింద మోటారు తిరుగుతూనే ఉంటుంది. మీరేమో చెన్నైలో ఉంటారు.

మీ కాంటాక్టర్‌లో లోపం ఉండకపోవచ్చు. పగలు బాగుండి సాయంత్రం కొట్టుకుంటోందంటే ముందు అనుమానించాల్సింది ఓల్టేజీని, ఆ తర్వాత మీ వైరు మందాన్ని. మీరు లెక్కల అయ్యవారు కాబట్టి లెక్కతోనే చెబుతాను.

230 ఓల్టుల కాయిల్ దాని విలువలో 85 శాతం అందితేనే గట్టిగా లాగుతానని హామీ ఇస్తుంది. అంటే 195 ఓల్టుల పైమాటే. లాగాక కొంచెం తగ్గినా పట్టుకుని ఉంటుంది. కానీ 75 శాతం కంటే, అంటే సుమారు 172 కంటే దిగితే ఏ క్షణంలోనైనా వదిలేయవచ్చు. మీ వీధిలో సాయంత్రం ఏసీలు, మోటార్లు అన్నీ ఒకేసారి పడితే 200 ఓల్టులు వస్తున్నాయనుకుందాం. మీ మోటారు నడిచేటప్పుడు పది ఆంపుల దరిదాపుల్లో తీసుకుంటుంది, లేచే క్షణంలో దానికి ఐదింతలు, అంటే 50 ఆంపులు లాగుతుంది. మీటరు నుంచి 30 మీటర్లు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగి, హాలు బోర్డుకూ చెక్కకూ దాని చివరినుంచే కరెంటు తీసుకుని ఉంటే, పోను రాను 60 మీటర్లు, దాని రెసిస్టెన్స్ 0.73 ఓమ్. యాభైతో గుణించండి. 36 ఓల్టులు వైరులోనే పోయాయి. కాంటాక్టర్ దగ్గర మిగిలింది 164. కాయిల్ వదిలేస్తుంది. వదలగానే మోటారు లోడు పోయి ఓల్టేజీ మళ్లీ 200కి ఎగబాకుతుంది, కాయిల్ మళ్లీ లాగుతుంది, మోటారు మళ్లీ 50 ఆంపులు పీలుస్తుంది. మీకు వినిపిస్తున్న టకటక ఇదే. అదే వైరు 4 చదరపు మిల్లీమీటర్లది అయితే పోయేది 14 ఓల్టులే.

కాయిల్ పక్కన చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉందో కూడా టార్చి వేసి చూడండి. కొన్నిటి మీద 240 అని ఉంటుంది, దానికి 85 శాతమంటే 204. మన జిల్లాల్లో షాపులవాళ్లు ఎక్కువగా అమ్మేది రైతుల త్రీఫేజ్ స్టార్టర్లకు పెట్టే 415 ఓల్టుల కాయిల్. అది పొరపాటున ఇంటికొస్తే 230 మీద సరిగా లాగకుండా గుర్రుమంటుంది. మీది పగలు లాగుతోంది కాబట్టి ఆ తప్పు జరిగి ఉండదు. దీనికి తిరగేసిన తప్పు, 230 కాయిల్‌కు రెండు ఫేజులు కలపడం, నేను వైండింగ్ షాపు పెట్టిన కొత్తలో చేశాను. ముందు కాలిన వాసన, తర్వాత ఎదురుగా నిలబడ్డ రైతు చూపు. ఆ చూపే నాకిప్పటికీ గుర్తుంది.

ఇక గుర్రుమనే మోత. అయస్కాంతం రెండు ముఖాల మధ్య దుమ్ము చేరినా, చీమలు దూరి నలిగినా, ముఖం మీదుండే చిన్న రాగి రింగు విరిగినా ఆ మోత వస్తుంది. ప్లైవుడ్ మీద మూత లేకుండా పెట్టారు కాబట్టి చీమల మీదే నాకు అనుమానం. బల్లి దూరి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడి కాలిపోవడం నా సర్వీసులో లెక్కలేనన్ని సార్లు చూశాను. అందుకే ముందు ఆ చెక్క తీసేయండి. చెక్క అంటుకుంటుంది. మూత ఉన్న పీవీసీ డబ్బా తెచ్చి, లోపల రైల్ మీద కాంటాక్టర్‌ను నిలువుగా బిగించి, వైర్లు దూరే రంధ్రాలకు గ్లాండ్లు (వైరు చుట్టూ బిగుసుకునే బిరడాలు) వేయించండి. ఇనుప డబ్బా పెడితే దానికి ఎర్త్ తప్పనిసరి. పైగా వైఫై స్విచ్చి దాంట్లో పెడితే సిగ్నల్ అందదు. డబ్బా ఛాతీ ఎత్తుకు తగ్గకుండా ఉండాలి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో సెల్లార్లు ఎలా మునిగాయో మీరు కళ్లారా చూసే ఉంటారు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. హాల్లో వైఫై స్విచ్చి నుంచి కాయిల్‌కు వైరు లాగానని రాశారు. ఆ హాలు బోర్డు ఇన్వర్టర్ మీద ఉందా? ఈరోజుల్లో ఇన్వర్టర్ మీద లేని హాలు తక్కువ. ఉంటే మీరు మోటారు ఎంసీబీ ఆపినా, మెయినే ఆపినా, కాంటాక్టర్ ఏ1 టెర్మినల్ (కాయిల్‌కు ఫేజ్ వచ్చే చోటు) మీద 230 ఓల్టులు అలాగే ఉండిపోవచ్చు.

చాలా ఏళ్ల కిందట చిత్తూరులో ఒక కల్యాణ మండపానికి మోటారు పని మీద వెళ్లాను. పెళ్లి మరునాడు పొద్దున, నీళ్లు ఎక్కడం లేదని పిలిచారు. మెయిన్ దించాను, టెస్టర్ పెట్టి ఫేజ్ రావట్లేదని చూసుకున్నాను, డబ్బా తెరిచి కాయిల్ స్క్రూ విప్పబోయాను. ఎడమ చెయ్యి మోచేతి దాకా లాగేసింది. వెనక్కి పడి అరటి గెల మీద కూర్చున్నాను కాబట్టి సరిపోయింది. తీరా చూస్తే కాయిల్ లైను ఆఫీసు గది ఇన్వర్టర్ నుంచి వస్తోంది. అంతకుముందు ఎవరో స్విచ్చి దగ్గరగా ఉంటుందని అలా కలిపేశారట. నేను టెస్టర్ పెట్టింది మెయిన్ టెర్మినళ్ల మీదే, కాయిల్ మీద పెట్టలేదు. తప్పు కలిపినవాడిది ఎంతో నాదీ అంతే.

ఇన్వర్టర్ వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. కరెంటు పోయినప్పుడు కాంటాక్టర్ వదిలేయాలి, అది దాని గుణం. కాయిల్‌కు ఇన్వర్టర్ ఊపిరి పోస్తూ ఉంటే అది వదలదు. కరెంటు వచ్చిన క్షణంలోనే, ఓల్టేజీ ఇంకా ఎగిరెగిరి పడుతుండగానే మోటారు లేస్తుంది. పైగా ఇన్వర్టర్ ఫేజు, మోటారు న్యూట్రల్ కలగాపులగం అయితే ఆర్‌సీసీబీ (షాక్ కొడితే లైను తెంచే స్విచ్చి) ఊరికూరికే ట్రిప్ అవుతుంది. అప్పుడు విసుగొచ్చి దాన్నే పీకేస్తారు. కాబట్టి కాయిల్‌కు ఫేజూ న్యూట్రలూ రెండూ మోటారు లైను నుంచే రావాలి. వైఫై స్విచ్చిని హాల్లోంచి తీసి కాంటాక్టర్ పక్కనే వేరే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించండి. ఒక్క ఎంసీబీ దించితే ఆ డబ్బాలో ఏ స్క్రూ మీదా కరెంటు ఉండకూడదు. ఈ ఒక్క మాట మీ వైర్‌మన్‌కు గట్టిగా చెప్పండి.

మీరే కలుపుకోవచ్చా అని నేరుగా అడగలేదు గానీ, ఉత్తరం నిండా ఆ ప్రశ్నే ఉంది. నా సమాధానం వద్దనే. కాంటాక్టర్ వైరింగ్ కష్టమని కాదు. నాలుగు లావు వైర్లు, రెండు సన్న వైర్లు, అంతే. కానీ నీళ్లు, మోటారు, పై పోర్షన్లలో వేరేవాళ్ల పిల్లలు ఉన్నచోట పని లైసెన్సు ఉన్న వైర్‌మన్ చెయ్యాలి. అతను చేసింది సరిగ్గా ఉందో లేదో మీరు పక్కన నిలబడి చూసుకోవాలి. పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దండి. అందుకే వరస చెబుతున్నాను.

మోటారుకు విడిగా లైను. ముందు 16 ఆంపుల సి-కర్వ్ డబుల్ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే) ఎంసీబీ. సి-కర్వ్ ఎందుకంటే, లేచేటప్పటి 50 ఆంపులకు అది కంగారుపడి ట్రిప్ అవ్వదు. దాని తర్వాత 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ. ఎవరికైనా షాక్ కొడితే రెప్పపాటులో లైను తెంచేది ఇదే. కాంటాక్టర్‌కు ఆ తెలివి లేదు. లోడు ఎక్కువైనా, వైరు తెగి నీళ్లలో పడినా అది పట్టించుకోదు. కాయిల్‌కు కరెంటు ఉన్నంతసేపు పట్టుకునే ఉంటుంది. ఆర్‌సీసీబీ తరచూ ట్రిప్ అవుతుంటే బోరులోకి దిగిన కేబుల్ జాయింట్ తడిసి ఉండవచ్చు. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూడమనండి. పీకి పడేయమనే సలహా ఇచ్చినవాణ్ని ఇంట్లోకి రానివ్వకండి.

ఆర్‌సీసీబీ నుంచి ఫేజ్ కాంటాక్టర్ ఒకటో నంబరుకు, న్యూట్రల్ మూడో నంబరుకు. కింద రెండు, నాలుగు నంబర్ల నుంచి మీ స్టార్టర్ డబ్బాకు. ఫేజ్ ఒక్కటే తెంచితే చాలదా అంటారు కొందరు. స్తంభం దగ్గరో మీటరు దగ్గరో ఎవరైనా రిపేరు చేసి ఫేజు, న్యూట్రల్ తారుమారు చేస్తే అప్పుడు తెగేది న్యూట్రల్ మాత్రమే. ఆఫ్‌లో ఉన్న మోటారు మీద కరెంటు నిలబడే ఉంటుంది. రెండూ తెగాలి. ఆకుపచ్చ ఎర్త్ వైరు మాత్రం కాంటాక్టర్‌ను తాకకుండా నేరుగా స్టార్టర్ డబ్బాకు, మోటారుకు పోవాలి. దాన్ని ఎక్కడా తెంచకూడదు.

కాయిల్ దారి: ఆర్‌సీసీబీ తర్వాత ఫేజ్ తీసుకుని, 2 ఆంపుల ఫ్యూజు, అక్కడినుంచి వైఫై స్విచ్చి, దాన్నుంచి ఏ1. ఏ2 న్యూట్రల్‌కు. ఇంత చిన్న కాంటాక్టర్ కాయిల్ పట్టుకుని ఉండటానికి పది వోల్ట్ ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. అందుకే వైఫై స్విచ్చి ఇక కాలదు. మీ పాత స్విచ్చులు కాలడానికి కారణం ఇదీ. వాటి మీద రాసిన 16 ఆంపులు హీటర్ లాంటి లోడుకు, లేచేటప్పుడు 50 లాగే మోటారుకు కాదు. ఇంకో చిన్న సామాను చెప్పాలి. కాయిల్ ఆపిన క్షణంలో అది వెనక్కి ఒక ఓల్టేజీ దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బకు వైఫై స్విచ్చి హ్యాంగ్ అవుతుంటుంది. ఏ1, ఏ2ల మధ్య ఆర్‌సీ సప్రెసర్ పెడితే ఆ బాధ పోతుంది. షాపులో చాలామందికి ఇది తెలియదు, అడిగి తెప్పించుకోండి.

మీరు కొన్న 25 ఆంపుల కాంటాక్టర్ గురించి. డబ్బా మీద ఆ 25 పక్కన ఏసీ-1 అని ఉంటుంది చూడండి. అది హీటర్ల లెక్క. దాని కిందనే ఏసీ-3 అని ఇంకో అంకె ఉంటుంది, మోటార్ల లెక్క అది. 25 ఆంపులని అమ్మే వాటిలో చాలావాటికి ఏసీ-3 విలువ 9 ఆంపులే. మీ మోటారు పది దాకా తీసుకుంటుంది. షాపులో పెద్ద అంకె చూపించి అమ్మడం, మనం పెద్ద అంకె చూసి సంతోషించడం మామూలే. ఏసీ-3 కింద 18 ఉన్నది తీసుకోండి. ధరలో తేడా కొంచెమే, రెండు వైఫై స్విచ్చులకు పోసినదాంతో పోలిస్తే లెక్కలోకి రాదు.

మీ ఉత్తరం చదివి ఇంకెవరైనా ఇదే పని మొదలుపెడతారేమోనని ఒక మాట. మీ మోటారు కరెంటు ఇవ్వగానే తనంతట తాను లేస్తోంది. అందరివీ అలా లేవవు. స్టార్టర్ డబ్బాలో రెండు కెపాసిటర్లు ఉండి, పచ్చ బటన్‌ను రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే గానీ లేవని రకం ఉంటుంది. దానికి బయట కాంటాక్టర్ పెట్టి ఫోన్‌తో కరెంటు ఇస్తే మోటారు లేవకుండా మూలుగుతూ ఐదింతలు ఆంపులు పీలుస్తుంది. ఓవర్‌లోడ్ రిలే (ఆంపులు ఎక్కువైతే ఆపేది) సరిగా లేకపోతే వైండింగ్ పోతుంది. వాళ్లు ముందు ఆటో స్టార్టర్ పెట్టించుకోవాలి. ఆ కెపాసిటర్లను లైను ఆపినా వెంటనే ముట్టుకోవద్దు, చార్జి పట్టుకుని ఉంటాయి.

సాయంత్రం ఓల్టేజీ సంగతికి తిరిగి వస్తాను. 100 నుంచి 250 దాకా ఎంతున్నా పట్టుకునే ఎలక్ట్రానిక్ కాయిల్ కాంటాక్టర్లు వచ్చాయి. పెడితే టకటక ఆగుతుంది. కానీ నాకు ఆ మందు నచ్చదు. 170 ఓల్టుల మీద మోటారు నడిస్తే ఎక్కువ ఆంపులు తీసుకుని వేడెక్కుతుంది. కాంటాక్టర్ వదిలేసి మీకు మేలే చేస్తోంది, దాని నోరు మూయించడం దేనికి? లావు వైరు వేయించండి, స్టార్టర్‌కు లో ఓల్టేజీ కటాఫ్ పెట్టించండి, ట్యాంకు తెల్లవారుజామున ఐదింటికి నింపుకోండి. అప్పుడు వీధంతా నిద్రలో ఉంటుంది, ఓల్టేజీ నిండుగా వస్తుంది. సాయంత్రం మీ వీధి మొత్తానికి తక్కువ వస్తుంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అది మీ ఇంట్లో బాగయ్యేది కాదు.

చెన్నైలో కూర్చుని ఇక్కడ మోటారు వేయడం గురించి నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. మీరు అక్కడ ఫోన్ నొక్కే సమయానికి ఇక్కడ అద్దెవాళ్లు పిలిచిన మెకానిక్ కేబుల్ పట్టుకుని ఉండవచ్చు. అందుకని బోరు దగ్గర ఆటో, ఆఫ్, మాన్యువల్ అని మూడు స్థానాల స్విచ్చి ఒకటి పెట్టించి, కాయిల్ లైను దానిగుండా పోనివ్వండి. పనిచేసేవాడు దాన్ని ఆఫ్‌లో పెడితే మీ ఫోన్ ఎంత నొక్కినా కాయిల్ లాగదు. అయినా చెయ్యి పెట్టే ముందు ఎంసీబీ దించాల్సిందే, దానికి తాళం వేసే క్లిప్పులు దొరుకుతాయి. వైఫై స్విచ్చి సెట్టింగ్స్‌లో కరెంటు పోయి వచ్చాక ఆఫ్‌లోనే ఉండేలా పెట్టండి. ఎప్పుడు వేసినా ఇరవై నిమిషాలకో, మీ ట్యాంకు నిండే వ్యవధికో దానంతట అదే ఆగిపోయేలా టైమర్ పెట్టండి. డ్రై రన్ రిలే కూడా వేయించండి. వేసవిలో మన బోర్లు ఎప్పుడు గాలి కక్కుతాయో ఎవరూ చెప్పలేరు, నీళ్లు లేకుండా తిరిగితే మోటారు పోతుంది.

ఇంకొకటి, రెండు, నాలుగు నంబర్ల మీద, అంటే మోటారు వైపు, ఒక ఎర్ర ఇండికేటర్ లాంప్ పెట్టించండి. కాయిల్ మీద పెట్టే లాంప్ మీరు ఇచ్చిన ఆజ్ఞను మాత్రమే చూపిస్తుంది. పాయింట్లు అతుక్కుపోయినా అది ఆరిపోతుంది. మోటారు వైపు లాంప్ అయితే మోటారుకు నిజంగా కరెంటు వెళ్తోందో లేదో చూపిస్తుంది. ఫోన్‌లో ఆఫ్ అన్నాక కూడా అది వెలుగుతుంటే ఎంసీబీ దించమని అద్దెవాళ్లకు ఒకసారి చూపించి చెప్పండి. కొందరు మెకానిక్‌లు టెస్ట్ చేయడానికి కాంటాక్టర్ మధ్యలో ఉండే బొడిపెను స్క్రూడ్రైవర్‌తో నొక్కుతారు. లైను ఉండగా ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. స్క్రూ జారితే నిప్పు ముఖం మీదికే వస్తుంది.

గీజర్‌కు పెట్టుకోవచ్చు, కానీ మీకు అవసరం కనబడదు. రెండు కిలోవాట్ల గీజర్ తొమ్మిది ఆంపుల లోపే. మంచి 16 ఆంపుల స్విచ్చి, ఆర్‌సీసీబీ, ఎర్త్ ఉంటే చాలు. వైఫైతోనే వేయాలనుకుంటే మీ దగ్గర ఉన్న ఆ 25 ఆంపుల కాంటాక్టర్ అక్కడ సరిగ్గా సరిపోతుంది, పాయింట్లు కాలి ఉండకపోతేనే. బాత్‌రూమ్ బయట డబ్బాలో పెట్టాలి, గీజర్ థర్మోస్టాట్‌ను ఎవరూ బైపాస్ చేయకూడదు.

వైర్‌మన్ పని ముగించాక లాంప్, స్విచ్చి, ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్, మూడూ మీ చేత్తో నొక్కి చూసుకోండి. వారం తర్వాత ఎంసీబీ దించి టెర్మినల్ స్క్రూలు మరోసారి బిగించమనండి, కొత్త వైరు నలిగి వదులవుతుంది. ఆ తర్వాత ఒక సాయంత్రం ఏడింటికి మోటారు వేసి, లేచే క్షణంలో స్టార్టర్ డబ్బా మీది ఓల్టేజీ ముల్లు ఎక్కడిదాకా దిగిందో చూసి నాకు రాయండి. లేవక ముందు 200 ఉండి, లేచేటప్పుడు 180 కంటే దిగితే లావు వైరు మీటరు దాకా వేయలేదేమో, మధ్యలో ఎక్కడో పాత 1.5 ముక్క మిగిలిపోయి ఉండవచ్చు.